రెండో ఎక్స్‌రే తేదీ కాగితం మీద రాసివ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను ప్రభుత్వ ఆసుపత్రుల ఎక్స్‌రే గదుల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ చేసిన టెక్నీషియన్ని. పసిపిల్లలు బటన్ బ్యాటరీ (చిన్న గుండ్రటి బిళ్ళ బ్యాటరీ) మింగితే ఏం చేయాలో చెప్పే వ్యాసాలు పత్రికల్లో అప్పుడప్పుడు వస్తున్నాయి. వాటిలో చాలావరకు ‘వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి’ అన్న మాటతో ముగుస్తాయి. ఆ మాటలో తప్పేమీ లేదు. అయితే ఆసుపత్రికి చేరాక ఏ వైపు నుంచి ఎన్ని ఫిల్ములు తీయాలి, బ్యాటరీని బయటికి తీసేశాక గానీ అది పొట్టలోకి జారిపోయాక గానీ మళ్ళీ ఎప్పుడు పరీక్ష చేయించాలి అన్న సంగతి తల్లిదండ్రులకు తెలియడం లేదు. చాలాచోట్ల వాళ్ళకు ఇచ్చే కాగితం మీద కూడా అది ఉండడం లేదు. ఈ లోటు గత కార్తికంలో మా ఇంటి గడపలోకే వచ్చింది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా మనవడికి అప్పటికి రెండేళ్ళ నాలుగు నెలలు. తులసికోట దగ్గర నూనె దీపాలతో పాటు బజారులో అమ్మే బ్యాటరీ ప్రమిదలు కూడా నాలుగు పెట్టారు. అందులో ఒకదాని అడుగు మూత ఊడిపోయి, లోపలి బిళ్ళ కనిపించకుండా పోయింది. పిల్లవాడు చొంగ కారుస్తూ, పాలగ్లాసు పెదవులకు తాకితేనే మొహం తిప్పేసుకుంటూ ఉన్నాడు. ఏదో మింగాడని మా అమ్మాయి గ్రహించేసరికి సాయంత్రం ఆరున్నర అయింది. పక్కింటివారు మంచి మనసుతోనే అరటిపండు తెచ్చి, మెత్తగా నలిపి పెడితే లోపలికి జారిపోతుందన్నారు. రూపాయి బిళ్ళ మింగిన పిల్లలకు మన ఇళ్ళలో తరతరాలుగా చేస్తున్న వైద్యం అదే. అదృష్టవశాత్తు వాడు ఆ పండు నోట పెట్టనివ్వలేదు.

దగ్గర్లోని ఒక చిన్న ఆసుపత్రిలో ఛాతీకి ఎదురుగా ఒకే ఒక్క ఎక్స్‌రే తీసి, గొంతు కింద రూపాయి బిళ్ళ ఉందని, పొద్దున్న పెద్ద డాక్టరుగారు వచ్చాక చూస్తారని, అంతవరకూ భయం లేదని చెప్పారు. నేను అక్కడికి చేరేసరికి ఏడున్నర దాటింది. ఫిల్మును ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని చూశాను. ఆ తెల్లటి గుండ్రని ఆకారం అంచుకు కొంచెం లోపలగా, అంచు వెంబడే తిరిగిన మరో సన్నటి వలయం కనిపించింది. రూపాయి నాణెం అంచు నుంచి అంచు దాకా ఒకే లోహం కనుక ఫిల్ము మీద ఒకే తెలుపుగా పడుతుంది. బ్యాటరీ అలా కాదు. దానికి ఒక డబ్బా, ఒక మూత, ఆ రెంటి మధ్య ప్లాస్టిక్ రబ్బరు లాంటి అతుకు ఉంటాయి. ఆ అతుకు వల్లే రెండో వలయం ఏర్పడుతుంది. పక్కకు తిప్పి ఇంకో ఫిల్ము తీయమని బతిమాలి తీయించాను. పక్క నుంచి చూస్తే బిళ్ళ అంచు నాణెంలా తిన్నగా లేదు, ఒక వైపు వెడల్పుగా, ఇంకో వైపు చిన్న మెట్టు దిగినట్లు ఇరుకుగా ఉంది. ఇక అనుమానానికి చోటు లేదు. 108లో నగరానికి బయలుదేరాం. పదిన్నర దాటాక ఎండోస్కోపీ ద్వారా బ్యాటరీ బయటికి వచ్చింది. అంటే మేము గమనించాక నాలుగు గంటలు గడిచిపోయాయి.

ఆ మొదటి ఆసుపత్రిలోని కుర్రవాణ్ని నేను నిందించడం లేదు. పగలంతా పనిచేసి అలసిపోయి ఉన్నాడు, రాసిచ్చిన చీటీలో ‘ఛాతీ, ఎదురుగా’ అనే ఉంది, అతను అదే తీశాడు. తప్పు ఆ చీటీలో ఉంది. ఏదైనా మింగారని అనుమానమున్న పిల్లవాడికి ముక్కు దగ్గర నుంచి కటి దాకా అంతా పడేలా ఎదురు ఫిల్ము తీయాలి. గుండ్రటి బిళ్ళ కనబడితే తప్పకుండా పక్క ఫిల్ము కూడా తీయాలి. మెడను వదిలేసి ఛాతీ మాత్రమే తీస్తే గొంతు దగ్గర చిక్కుకున్నది తప్పిపోవచ్చు, పొట్ట వదిలేస్తే కిందికి జారినది తప్పిపోతుంది, మింగింది రెండు బిళ్ళలైతే ఒకటే లెక్కకు వస్తుంది.

పక్క ఫిల్ము విలువ అంతటితో తీరిపోదు. మెట్టు దిగినట్లు ఇరుకుగా కనిపించే వైపు బ్యాటరీకి రుణ ధ్రువం. గాయం ఎక్కువగా అయ్యేది ఆ వైపే. అది ముందుకు తిరిగి ఉంటే శ్వాసనాళానికీ పెద్ద రక్తనాళాలకూ ముప్పు, వెనక్కి తిరిగి ఉంటే వెన్నుపూసకు ముప్పు. అందువల్ల ఆ ఒక్క ఫిల్ము తరువాత వారాల్లో డాక్టర్లు దేని కోసం వెతకాలో ముందే చెబుతుంది. ఒక హెచ్చరిక కూడా చేయాలి. మరీ పలుచటి బ్యాటరీల్లో మెట్టు స్పష్టంగా కనిపించదు, ఒకదానిపై ఒకటి అతుక్కున్న రెండు వేర్వేరు నాణేలు మెట్టు ఉన్నట్టు భ్రమ కలిగించవచ్చు. అటువంటప్పుడు అది నాణెమని తేలేదాకా బ్యాటరీగానే భావించి నడుచుకోవడం క్షేమం. మా వృత్తిలోని వారికి ఇంకో మనవి. ఫిల్మును లైటుకు పెట్టి సెల్‌ఫోనుతో ఫొటో తీసి పెద్దాసుపత్రికి వాట్సాప్‌లో పంపడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ ఫొటోలో ముందుగా చెరిగిపోయేది ఆ సన్నటి రెండో వలయమే. డిజిటల్ యంత్రం ఉన్నచోట అసలు చిత్రాన్నే పెద్దదిగా చేసి చూసి, ఆ తరువాతే మాట చెప్పాలి.

ఇంత తొందర ఎందుకో పాఠకులకు చెప్పడం అవసరం, ఎందుకంటే మన ఇళ్ళలో చాలామంది బ్యాటరీలోని రసాయనం కారితేనే ప్రమాదమని అనుకుంటారు. అసలు జరిగేది వేరు. తడి కణజాలం బ్యాటరీ రెండు ధ్రువాలకూ ఒకేసారి తగలగానే దాని గుండా కరెంటు పారుతుంది, ఆ కరెంటు వల్ల రుణ ధ్రువం దగ్గర ఒంట్లోని నీటి నుంచే ఘాటైన క్షారం పుడుతుంది. తాంబూలంలో సున్నం కాస్త ఎక్కువైతే నాలుక పొక్కడం మనకు తెలిసిందే. అటువంటి క్షారమే పసివాడి అన్నవాహికలో ఒకే చోట నిమిష నిమిషానికీ ఊరుతూ ఉంటుందని ఊహించుకోవాలి. పావుగంటలో గాయం మొదలవుతుంది, రెండు గంటల్లో లోతుగా కాలిపోవచ్చు. కారు తాళాల్లోనూ, రిమోట్లలోనూ, బరువు చూసే యంత్రాల్లోనూ, బ్యాటరీ ప్రమిదల్లోనూ ఎక్కువగా కనిపించే సీఆర్ 2032 రకం బిళ్ళ 20 మిల్లీమీటర్ల వెడల్పుతో 3 వోల్టుల శక్తి కలిగి ఉంటుంది. పసివాడి అన్నవాహికలో ఇరుక్కోవడానికి ఆ వెడల్పు సరిగ్గా సరిపోతుంది. రిమోట్ పనిచేయడం లేదని తీసి పక్కన పడేసిన పాత బ్యాటరీలో కూడా ఒంటిని కాల్చేంత శక్తి మిగిలే ఉంటుంది. అమెరికాలో విషప్రమాదాల నమోదు కేంద్రాలకు అందిన కేసులను పరిశీలించి 2010లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, ఆరేళ్ళలోపు పిల్లలు 20 నుంచి 25 మిల్లీమీటర్ల బ్యాటరీ మింగిన సందర్భాల్లో 12.6 శాతం మందికి తీవ్రమైన హాని గానీ మరణం గానీ సంభవించింది. మరణాలతో ముగిసిన కేసుల్లో 92 శాతం చోట్ల పిల్లవాడు మింగడం ఎవరూ చూడలేదు, 54 శాతం చోట్ల మొదట వేరే జబ్బు అనుకున్నారు. చొంగ, దగ్గు, తిండి వద్దనడం చూస్తే ఎవరికైనా జలుబో గొంతునొప్పో అనే తోస్తుంది. అమెరికాలో 2022లో బటన్ బ్యాటరీల భద్రత కోసం తెచ్చిన చట్టానికి ఏ పాప పేరు పెట్టారో, ఆ పాపకు కూడా మొదట గొంతువాపు జబ్బనే చెప్పారు.

ఆ రాత్రి నాకు తెలియక చేయని పని ఒకటి ఉంది, అది ఇప్పటికీ మనసులో మెదులుతుంది. మింగి పన్నెండు గంటలు దాటకుండా, బిడ్డకు ఏడాది నిండి, మింగగలిగే స్థితిలో ఉంటే, ఆసుపత్రికి వెళ్ళే దారిలో పది నిమిషాలకొకసారి రెండు చెంచాల చొప్పున తేనె, ఆరు సార్లకు మించకుండా పట్టించవచ్చని అమెరికాలోని నేషనల్ క్యాపిటల్ పాయిజన్ సెంటర్ అనే విష సమాచార కేంద్రం సూచిస్తోంది. 2018లో ప్రచురితమైన పరిశోధన తరువాత ఈ సలహా వ్యాప్తిలోకి వచ్చింది. తేనె బ్యాటరీ చుట్టూ పూతలా పట్టి, క్షారాన్ని కొంత తగ్గిస్తుంది. ఏడాది నిండని పసికందుకు తేనె ఇవ్వకూడదు. ఇంట్లో తేనె లేకపోతే దాని కోసం దుకాణాలకు తిరగకూడదు. తేనె తప్ప మరేదీ, అరటిపండు గానీ అన్నం ముద్ద గానీ ఆముదం గానీ పెట్టకూడదు, వాంతి చేయించకూడదు. తేనె వైద్యం కాదు, డాక్టరు చేతికి చేరేలోపు గాయాన్ని కొంచెం ఆలస్యం చేసే సాయం మాత్రమే.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచిన సంగతికి వస్తాను. బ్యాటరీ బయటికి వచ్చిన క్షణాన మా ఇంటిల్లిపాదీ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాం. డాక్టరుగారు మాత్రం ఆ సంతోషంలో పాలుపంచుకోకుండా, అన్నవాహిక గోడ నల్లగా కాలి ఉందని, అసలు గడ్డుకాలం ఇప్పుడే మొదలవుతుందని చెప్పారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఎక్స్‌రేలు తీసిన నాకు కూడా ఆ మాట పూర్తిగా అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. బ్యాటరీ తీసేశాక కూడా కాలిన కణజాలం రోజుల తరబడి కరిగిపోతూ ఉంటుంది. ఆ కరుగుదల శ్వాసనాళం వైపు సాగితే అన్నవాహికకూ శ్వాసనాళానికీ మధ్య రంధ్రం పడి, తాగిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళమైన బృహద్ధమని వైపు సాగితే ఒక్కసారిగా రక్తం కక్కుకుని పిల్లవాడు చేతుల్లోనే పోవచ్చు. ఈ రెండో ప్రమాదం బ్యాటరీ తీసిన మూడు, నాలుగు వారాల తరువాత కూడా జరిగిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి. స్వరపేటికకు వెళ్ళే నరం దెబ్బతిని గొంతు బొంగురుపోవడం, వెన్నుపూసకు చీము పట్టడం, గాయం మానేటప్పుడు అన్నవాహిక ముడుచుకుపోయి ఇరుకు కావడం అనేవి వారాల నుంచి నెలల దాకా ఎప్పుడైనా బయటపడవచ్చు.

అందుకే తరువాతి చిత్రాలకు ఒక క్రమం ఉంటుంది. ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2015లో ఇచ్చిన సూచనల సారం ఏమిటంటే, అన్నవాహికలో గాయం కనబడిన బిడ్డను ఆసుపత్రిలోనే ఉంచి, నోటితో ఏమీ ఇవ్వకుండా, సీటీ గానీ ఎంఆర్‌ఐ గానీ తీసి, గాయం బృహద్ధమనికి ఎంత దూరంలో ఉందో కొలవాలి. ఆ దూరం మూడు మిల్లీమీటర్లలోపు ఉంటే, గాయం వెనక్కి తగ్గిందని తేలేదాకా అయిదు నుంచి ఏడు రోజులకొకసారి ఎంఆర్‌ఐ మళ్ళీ తీస్తూ ఉండాలి. రక్తనాళానికి ముప్పు లేదని తేలాక, ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే, నీటిలో కరిగే కాంట్రాస్ట్ ద్రవం మింగించి ఎక్స్‌రే చూసి, ఎక్కడా కారడం లేదని నిర్ధారించుకున్నాకే పాలు, జావ మొదలుపెట్టాలి. ఇక్కడ తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. బ్యాటరీ లోపల ఉండగా ఎంఆర్‌ఐ గదిలోకి బిడ్డను తీసుకెళ్ళనే కూడదు, అది అయస్కాంతపు యంత్రం, బ్యాటరీ లోహం. ఎంఆర్‌ఐ అనేది బ్యాటరీ బయటికి వచ్చాక చేసే పరీక్ష. చిన్న పిల్లలు కదలకుండా ఉండరు కనుక దానికి చాలాసార్లు మత్తు ఇవ్వాల్సి వస్తుంది. అందువల్ల ఆ పరీక్ష ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది డాక్టరే తేల్చాలి. మనం అడగవలసింది ‘ఆ నిర్ణయం జరిగిందా’ అని.

మా మనవడి గాయం బృహద్ధమనికి దూరంగానే ఉందని రెండో రోజు ఎంఆర్‌ఐలో తేలింది. మూడో రోజు కాంట్రాస్ట్ ఎక్స్‌రేలో కారడం ఏమీ కనిపించలేదు. ఏడో రోజున ఇంటికి పంపించారు. చేతికిచ్చిన కాగితం నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు. చికిత్స వివరాలు ముచ్చటగా రాశారు, ఎవరికీ వంక పెట్టే పని లేదు. చివరి వరుసలో మాత్రం ‘రివ్యూ ఎస్‌ఓఎస్’ అని ఉంది. అవసరమైతే రండి అని దాని అర్థం. అవసరం వచ్చిందని తల్లికి ఎలా తెలియాలి? నేను మళ్ళీ వార్డులోకి వెళ్ళి, తేదీలు రాసివ్వమని అడిగాను. ఆ డాక్టరమ్మగారు చిరాకు పడలేదు, కూర్చుని మూడు తేదీలు రాసిచ్చారు. వారం తరువాత ఒకసారి చూపించాలి, నాలుగు వారాలకు కాంట్రాస్ట్ మింగించి ఎక్స్‌రే తీయాలి, మూడు నెలలకు మరోసారి రావాలి.

నాలుగో వారానికి పిల్లవాడు ఇల్లంతా పరుగులు పెడుతున్నాడు. పాలు తాగుతున్నాడు, మెత్తటి పెరుగన్నం తింటున్నాడు, బరువు తగ్గలేదు. ఇంత బాగుంటే మళ్ళీ నగరం దాకా ఎందుకని ఇంట్లో మాట వచ్చింది. మా అమ్మాయి ఆ కాగితం మీది తేదీని చూపించి, వెళ్ళాల్సిందే అంది. ఆ రోజు కాంట్రాస్ట్ మింగిస్తుంటే తెర మీద నేనూ చూశాను. తెల్లటి ద్రవం ధారగా దిగి, గాయం ఉన్న చోటికి వచ్చేసరికి దారంలా సన్నబడి, పైన కొద్దిసేపు నిలిచి, మళ్ళీ కిందికి జారింది. అన్నవాహిక ముడుచుకుపోవడం మొదలైంది. ద్రవాలూ మెత్తటి అన్నమూ ఎలాగో పోతున్నాయి కనుక పైకి ఏమీ తెలియలేదు. తొందరగా తెలియడం వల్ల బెలూను సాయంతో రెండు సార్లు వెడల్పు చేస్తే సరిపోయింది. తేదీ లేకపోతే ఇడ్లీ ముక్కో మాంసం ముక్కో అడ్డుపడి ఊపిరాడని రోజునే మాకు ఆ సంగతి తెలిసేది.

ఇదంతా బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కున్న బిడ్డ సంగతి. అది పొట్టలోకి జారిపోయిన బిడ్డ సంగతి వేరు, అక్కడ గందరగోళం ఇంకా ఎక్కువ. నా ఉద్యోగకాలంలో రెండు రకాల తల్లిదండ్రులనూ చూశాను. మోటారు పంపుల పని చేసే ఒకాయన తన కొడుకు వాచీ బ్యాటరీ మింగాడని ప్రతి ఉదయం వచ్చి, ‘ఫొటో తీయండి సార్’ అనేవాడు. నేను కాదంటే బయట తీయించుకునేవాడు. వారంలో ఏడు ఫిల్ములు అయ్యాయి, ఎనిమిదో రోజున బ్యాటరీ విరోచనంలో వచ్చింది. మరొక పాపను ఆమె తల్లి జ్వరమని తీసుకువచ్చింది, ఛాతీకి ఫిల్ము తీస్తే అడుగు అంచున, పొట్ట దగ్గర, చిన్న గుండ్రటి బిళ్ళ తెల్లగా మెరిసింది. అడిగితే, రెండు నెలల క్రితం మింగిందని, ‘అదే పోతుంది’ అని ఎవరో చెప్పి పంపారని, పోయిందనే అనుకున్నామని ఆమె అంది. ఒకరికి భయం, ఒకరికి భరోసా. ఇద్దరి చేతిలోనూ తేదీ మాత్రం లేదు.

అన్నవాహిక దాటిన బ్యాటరీ చాలా సందర్భాల్లో హాని చేయకుండానే కిందికి వెళ్ళిపోతుందన్నది నిజం. అయితే మళ్ళీ ఎప్పుడు చూడాలన్న విషయంలో వైద్య సంఘాల మాట ఒక్కటిగా లేదు. అయిదేళ్ళలోపు బిడ్డ పొట్టలో 20 మిల్లీమీటర్లు గానీ అంతకంటే పెద్దది గానీ ఉంటే 24 నుంచి 48 గంటల్లో ఎండోస్కోపీ ఆలోచించమని, పెద్ద పిల్లలైతే 48 గంటలకు మళ్ళీ ఎక్స్‌రే తీయమని, చిన్న బ్యాటరీ అయితే పది నుంచి పద్నాలుగు రోజులకు చూడమని పైన చెప్పిన ఉత్తర అమెరికా సంఘం అంటుంది. ఆరేళ్ళలోపు బిడ్డ 15 మిల్లీమీటర్లు గానీ అంతకు మించినది గానీ మింగి, అది పొట్టలో ఉంటే, నాలుగు రోజులకు ఎక్స్‌రే తీసి, అప్పటికీ కదలకపోతే తీసేయాలని అమెరికా విష సమాచార కేంద్రం అంటుంది. పన్నెండు గంటలలోపే గుర్తించి, ఏ బాధా లేని బిడ్డకైతే వారం నుంచి రెండు వారాల్లో మళ్ళీ ఎక్స్‌రే చాలని, పన్నెండు గంటలు దాటాక తెలిస్తే మాత్రం బ్యాటరీ పొట్టలోకి జారినా సరే అన్నవాహికను ఎండోస్కోపీతో చూడాలని, సీటీ గురించి కూడా ఆలోచించాలని యూరప్ పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2021లో చెప్పింది. ఈ చివరి మాట వెనక ఉన్న కారణం గమనించదగినది. మనం ఫిల్ము తీసిన క్షణాన బ్యాటరీ పొట్టలో ఉన్నంత మాత్రాన, అంతకుముందు అయిదారు గంటలు అన్నవాహికలో నిలిచి కాల్చలేదని ఆ ఫిల్ము చెప్పలేదు. ఎక్స్‌రే లోహాన్ని చూపిస్తుంది, లోహం వదిలి వెళ్ళిన గాయాన్ని చూపించదు.

ఈ మూడు మాటల్లో ఏది పాటించాలన్నది నా వంటివాడు తీర్చేది కాదు. కానీ వాటి తేడాల వెనక ఉన్న ప్రశ్నలు ఒక్కటే: బిడ్డ వయసెంత, బ్యాటరీ వెడల్పెంత, మింగి ఎంతసేపైంది, బాధ ఏమైనా ఉందా. రెండో ప్రశ్నకు జవాబు తల్లిదండ్రుల చేతిలోనే ఉంటుంది. అదే వస్తువులోని ఇంకో బ్యాటరీని గానీ, దాని అట్టను గానీ వెంట తెస్తే దాని మీద అంకెలుంటాయి. 2032లో మొదటి రెండంకెలు వెడల్పు 20 మిల్లీమీటర్లనీ, తరువాతి రెండు మందం 3.2 మిల్లీమీటర్లనీ చెబుతాయి. ఫిల్ము మీద కొలిస్తే అసలు కంటే కొంచెం పెద్దదిగానే కనిపిస్తుంది, ఎందుకంటే బ్యాటరీ ఫిల్ముకు ఆనుకుని ఉండదు, బిడ్డ ఒంట్లో కొంత ఎత్తున ఉంటుంది. కనుక అట్ట మీది అంకె మా కొలత కంటే నమ్మదగినది. బిడ్డ ఆటబొమ్మలోని అయస్కాంతం కూడా మింగి ఉండవచ్చన్న అనుమానం ఉంటే అది కూడా వెంటనే చెప్పాలి, అప్పుడు ఎదురుచూసే వీలు ఉండదు.

ఎక్స్‌రే కిరణాల గురించి భయపడి తేదీకి రానివారూ ఉంటారు. జాగ్రత్తగా తీసిన ఒక ఛాతీ ఫిల్ముతో బిడ్డకు చేరే కిరణాలు, భూమి నుంచీ ఆకాశం నుంచీ సహజంగా కొద్ది రోజుల్లో మనందరికీ చేరే వాటితో సమానం. పొట్ట ఫిల్ముకు అంతకంటే ఎక్కువ పడుతుంది. రోజుకొకటి చొప్పున తీయడం తప్పు, చెప్పిన రోజున ఒకటి తీయకపోవడం అంతకంటే పెద్ద తప్పు. తల్లిదండ్రులు ప్రతి విరోచనాన్నీ ఓపికగా నీళ్ళు పోసి చూడాలి. బ్యాటరీ దొరికితే, మింగింది ఒకటేనని ముందు ఫిల్ములో తేలి ఉంటే, అది పోయిందా లేదా అని చూడడానికి ఇంకో ఫిల్ము అవసరం లేదు. దొరికిన దాన్ని కవరులో పెట్టి డాక్టరుకు చూపిస్తే ఆయన చూసే మొదటి విషయం అది ఎంత తుప్పు పట్టిందన్నదే. ఈలోగా కడుపునొప్పి, జ్వరం, వాంతి, నల్లటి విరోచనం, వీటిలో ఏది కనబడినా తేదీ కోసం ఆగకూడదు. అన్నవాహికలో గాయమైన బిడ్డ నెల లోపల ఒక చెంచాడు రక్తం వాంతి చేసుకున్నా, అది తగ్గిపోయినా సరే, గుండె, ఛాతీ శస్త్రచికిత్స వైద్యులున్న ఆసుపత్రికే పరుగెత్తాలి. పెద్ద రక్తస్రావానికి ముందు వచ్చే చిన్న హెచ్చరిక అదే కావచ్చు.

రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు నేను చేసే మనవి పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ప్రాంతీయ ఆసుపత్రులు, సామాజిక ఆరోగ్య కేంద్రాలు, ప్రైవేటు నర్సింగ్ హోములు, వీటన్నిటి ఎక్స్‌రే గదుల గోడ మీద ఒక కాగితం అతికించాలి. దాని మీద నాణెం ఫిల్ము, బ్యాటరీ ఫిల్ము పక్కపక్కనే ఎదురు నుంచీ పక్క నుంచీ చూపించాలి, రెండు వైపులా తీయకుండా నాణెమని చెప్పకూడదని రాయాలి. డిశ్చార్జి కాగితం చివర ‘ఎస్‌ఓఎస్’ అన్న ముక్కను ఈ పిల్లల విషయంలో తీసేయించాలి, దాని స్థానంలో తదుపరి చిత్రం ఏమిటి, ఏ తేదీన, ఎక్కడ, ఏ లక్షణం కనబడితే ఆగకుండా రావాలి అన్నది తెలుగులో నాలుగు వరుసలుగా రాయించాలి. ఆరోగ్య పథకాల కింద బ్యాటరీ తీసిన బిడ్డకు తరువాతి కాంట్రాస్ట్ ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ, వెడల్పు చేసే చికిత్స అన్నీ అదే చికిత్సలో భాగమని ఆసుపత్రులకు స్పష్టంగా తెలియజేయాలి. కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చే తల్లిని బిల్లు దగ్గర ఆపితే ఆమె మూడో తేదీకి రాదు.

ఇక బిళ్ళ బ్యాటరీ ఇళ్ళలోకి చేరుతున్న దారి గురించి ఒక్క మాట. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. కానీ బ్యాటరీ ప్రమిద ఆటబొమ్మ కాదు, రిమోటూ కాదు, వినాయక చవితికి పెట్టే మెరుపు దండలూ కావు. వాటి మూతలు పసివాడి గోటితో ఊడిపోతున్నాయి. స్క్రూ లేకుండా తెరుచుకునే వస్తువు ఏదైనా సరే ఇలాంటి బ్యాటరీతో అమ్మకుండా చూడాలి. ఆస్ట్రేలియా 2022 జూన్ నుంచి ఇటువంటి నిబంధనలను తప్పనిసరి చేసింది. అది జరిగేదాకా ఆ మూతల మీద గట్టి టేపు చుట్టడం మన చేతిలో పని. వినికిడి యంత్రం వాడే పెద్దలున్న ఇంట్లో వాటి బుల్లి బ్యాటరీలను మందుబిళ్ళల డబ్బాకు దూరంగా ఉంచాలి. పిల్లలే కాదు, మాత్ర అనుకుని పెద్దలు మింగిన సందర్భాలూ ఉన్నాయి.

మీ పత్రికలో ప్రతి వారం వచ్చే ఆరోగ్యం పేజీలో, వీలైతే పండుగల ముందు, నాణెం ఫిల్మునూ బ్యాటరీ ఫిల్మునూ పెద్దవిగా పక్కపక్కన అచ్చువేయమని ప్రార్థిస్తున్నాను. నా దగ్గర మా మనవడి రెండు ఫిల్ములూ ఉన్నాయి, పేరు చెరిపి పంపగలను. వాడి కాగితం మీది మూడో తేదీ వచ్చే నెల పన్నెండున ఉంది. మేము వెళుతున్నాం.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఎక్స్‌రే టెక్నీషియన్,
పశ్చిమ గోదావరి జిల్లా